దిగినవాడి కన్నా తాడు పట్టినవాడే గొప్ప
బెలుం బిలాల్లో మోకుల మీద దిగిన పాతతరం ముచ్చట్లు

కొలిమిగుండ్ల: ఆదివారం వచ్చిందంటే బెలుం గుహల ముందు తిరునాళ్ల సందడే. తాడిపత్రి వైపు నుంచి, బనగానపల్లె వైపు నుంచి బస్సుల్లో, ఆటోల్లో, కార్లలో దిగిన జనం టిక్కెట్లు కొనుక్కుని మెట్ల మీదుగా భూమి కడుపులోకి దిగిపోతారు. లోపల రంగు రంగుల దీపాలు, కాలు జారకుండా బాట, ఊపిరాడేందుకు పైనుంచి తోలే గాలి. కాసేపటికి చెమటలు కారుకుంటూ పైకి వచ్చి, చల్లటి సోడా తాగి ఎవరి దారిన వారు వెళ్లిపోతారు.

దగ్గరలోని ఒక పల్లెలో వేపచెట్టు అరుగు మీద రోజూ సాయంత్రం కలిసే ముగ్గురు పెద్దలు మాత్రం ఆ మెట్లు దిగడానికి ఇష్టపడరు. ముగ్గురూ డెబ్బయ్యో పడికి అటూ ఇటూ ఉన్నవారే. "మెట్లు పెట్టినాక అది గుహ అయింది. మేము దిగింది బిలములోకప్పా" అని నవ్వుతారు. మెట్లు లేవు, దీపాలు లేవు, టిక్కెట్టూ లేదు. ఉన్నదల్లా ఒక కపిల మోకు, ఒక లాంతరు, ఒంట్లో పడుచు రక్తం. ఆ రోజుల్లో ఈ ముగ్గురూ తాళ్ల మీద దిగని గుంత ఆ చుట్టుపక్కల లేదంటే అతిశయోక్తి కాదు.

ఊళ్లో వారికి అసలు పేర్ల కన్నా పిలుపు పేర్లే నిలిచిపోయాయి. సన్నగా, తేలికగా ఉండి ముందు దిగే మనిషి 'దిగుడాయన'. ఆయన భార్య తమ్ముడు, దిట్టమైన మనిషి, పైన తాడు పట్టేవాడు 'మోకాయన'. దీపం బాధ్యత చూసేవాడు 'లాంతరాయన'. ఈ పిలుపుల వెనక ఒక సాహసం ఉంది, ఒక చావు ఉంది, ఏళ్ల తరబడి మాటల్లేని పగా ఉంది.

మూడు గుంతల మొదలు

బెలుం దగ్గర చదునైన పొలాల నడుమ పాడుబడిన బావుల్లాంటి మూడు గుంతలు ఉండేవి. వాటిలో నడిమిదే ఈనాటి ప్రవేశ ద్వారం. నాడు పశువులు కాసే పిల్లలు వాటి అంచుకు పోవడానికే జంకేవారు. రాయి వేస్తే ఎక్కడ పడిందో తెలియదు. పొద్దుగూకితే గబ్బిలాలు పొగలాగా లేచేవి. చుట్టుపక్కల వారు చెత్తాచెదారం తెచ్చి అందులోనే పోసేవారు. 1988 దాకా ఆ చెత్త పోయడం సాగింది. లోపల దెయ్యాలున్నాయని కొందరు, మునులు తపస్సు చేస్తున్నారని కొందరు అనేవారు. లోపలి నీటిమడుగు నుంచి నీరు ఊరి బావిలోకి చేరుతుందని నమ్మేవారూ ఉన్నారు.

"మాకు దెయ్యాల మీద నమ్మకముండె. అయినా దిగితిమి. ఆ వయసు అట్లాంటిది" అంటాడు దిగుడాయన. 1970 ప్రాంతంలో ఆయనకు పదహారేళ్లు. మేకపిల్ల ఒకటి గుంత అంచున జారి పదడుగుల కింద గట్టు మీద పడింది. ఇంట్లో దెబ్బలు తినడం కన్నా బిలంలో దిగడమే నయమనుకున్నాడు. బావమరిదిని పిలుచుకుని వచ్చి, కపిలకు కట్టే నార మోకు నడుముకు బిగించుకుని దిగాడు. మేకపిల్ల దొరికింది. దానితోపాటు గట్టు పక్కన మనిషి పట్టేంత సందూ కనిపించింది. అందులోంచి వెచ్చని గాలి ముఖానికి కొట్టింది. ఆ గాలే వాళ్లను పదేళ్లకు పైగా తిప్పిందని చెబుతారు.

కపిల మోకుతో దిగుడు

ఇప్పటి పిల్లలకు కపిల అంటే తెలియకపోవచ్చు. కరెంటు మోటార్లు రాకముందు ఎద్దులు వెనక్కీ ముందుకూ నడుస్తూ తోలు బానతో బావి నీళ్లు తోడేవి. నిండు బాన బరువు మోసే మోకు కనుక మనిషి బరువు దానికి లెక్క కాదు. అయితే నార మోకుకు ఒక గుణం ఉంది. నాని ఎండి, నాని ఎండి లోపలి పోగులు కుళ్లిపోతాయి. పైకి చూస్తే బాగానే కనిపిస్తుంది. అందుకే దిగే ముందు మోకాయన దాన్ని మూర మూరకూ మెలి విప్పి లోపల చూసేవాడు. పిండి రాలినట్టు పొడి రాలితే ఆ మోకు పక్కన పెట్టాల్సిందే.

తాడు కట్టే చోటు రెండు ఉండాలి. ఒకటి వేపచెట్టు మొదలు, రెండోది భూమిలో వాలుగా దిగ్గొట్టిన గడ్డపార. ఒకటి జారినా రెండోది ఆదుకుంటుంది. రాతి అంచు మోకును కోసేయకుండా గోనెసంచి మడత పెట్టేవారు. మోకుకు మూరెడు మూరెడుకూ ముడి వేస్తే కాలివేళ్లకు పట్టు దొరికేది. దిగేవాడి చంకల కింద ఉచ్చు పడకుండా బిగించని ముడితో ఇంకో తాడు. దాని కొస మోకాయన నడుం చుట్టూ తిరిగి చేతిలో ఉండేది. ఒక గుంజు గుంజితే ఆపు, రెండు గుంజితే వదులు, మూడు గుంజితే లాగు. కేకలు వినపడని లోతులో ఇవే మాటలు.

నల్లమలలో చెంచులు కొండ అంచుల నుంచి తాళ్ల మీద వేలాడి పెరతేనె తీస్తారు. అప్పుడు పైన తాడు కాసేది భార్య తోడబుట్టినవాడేనని చెబుతారు. అక్క పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నవాడు తాడు వదలడన్నది అందులోని లెక్క. ఈ కథ ఆత్మకూరు వైపు నుంచి కట్టెల బండ్లతో వచ్చినవారి నోట విని, వీళ్లూ అదే పద్ధతి పెట్టుకున్నారు. "మా బామ్మర్ది చేతిలో తాడుంటే నాకు నిద్రొచ్చేది" అని దిగుడాయన అంటే, "నాకు మాత్రం చెమట పట్టేది" అని మోకాయన బదులిస్తాడు.

దీపం ఆరిన రాత్రి

సందుల్లో పాకుతూ పోతే కొన్నిచోట్ల పొట్ట నేలకు, వీపు కప్పుకు ఆనేవి. ఆ ఇరుకు దాటగానే పెళ్లి పందిరి పట్టేంత చావడి వచ్చేది. కప్పు నుంచి ఊడల్లా వేలాడే రాళ్లు, నేల మీద లింగాల్లా లేచిన రాళ్లు కనిపించేవి. ఇప్పుడు చూసేవారు కోటిలింగాలని, వేయిపడగలని, సప్తస్వరాల గుహ అని, ఊడలమర్రి అని పిలుచుకునే చోట్లకు అప్పట్లో వీళ్లకు వేరే గుర్తులుండేవి. పిల్లి సందు, గంగమ్మ చావడి, ఉక్కపోత మడుగు అనుకునేవారు. తట్టితే మోగే రాళ్ల దగ్గర మాత్రం ముగ్గురూ కూర్చుని కట్టెపుల్లలతో తాళం వేసేవారట.

తిరిగి వచ్చే దారికి గుర్తుగా మలుపు మలుపుకూ సున్నం బొట్టు పెట్టేవారు. బొట్టు ఎప్పుడూ బయటికి వచ్చే వైపే. ఒకసారి సున్నం అయిపోయినా, ఇంకా కొంచెం చూద్దామని ముందుకు పోయారు. ఇరుకులో లాంతరు చిమ్నీ రాతికి తగిలి పగిలింది. అగ్గిపెట్టె చెమటకు తడిసి గీసినా అంటుకోలేదు. ఆ చీకటి మామూలు చీకటి కాదు. అమావాస్య రాత్రి పొలంలోనైనా చుక్కల వెలుగుంటుంది. బిలంలో మన చెయ్యి మన కంటి ముందు పెట్టుకున్నా కనిపించదు.

లాంతరాయన అప్పుడు చేసిన పనే ముగ్గురినీ బతికించింది. ఎవరినీ కదలనీయలేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చోమన్నాడు. అగ్గిపెట్టెను పొట్టకు, పంచెకు మధ్య పెట్టుకుని ఆరబెట్టాడు. ఎంతసేపు గడిచిందో తెలియదు. చివరకు ఒక పుల్ల వెలిగింది. పైపంచె చింపి లాంతరు కిరసనాయిలులో ముంచి, వెలుగు చూసుకుంటూ వెనక్కి పాకారు. పైకి వచ్చేసరికి తెల్లవారుజాము చుక్క పొడిచింది. ఇంట్లో ఎవరికి ఎన్ని దెబ్బలు పడ్డాయో ఇప్పటికీ లెక్క చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆ రాత్రి తరువాత వారికి కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. ఒక దీపంతో దిగరాదు, మూడు వెలుగులు ఉండాలి. సున్నం సగమైతే వెనుదిరగాలి. పైన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. ఎన్ని గంటలకు వస్తామో చెప్పి దిగాలి. అప్పటికి రాకపోతే పైవాడు ఊరిని లేపాలి.

దొరలు తెచ్చిన తాళ్లు

బెలుం గుహల సంగతి 1884లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రికార్డుల్లోకి ఎక్కించాడు. ఆ కాలంలోనే ఆయన బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహలనూ తవ్వించి పాతకాలపు జంతువుల ఎముకలు వెలికితీశాడు. ఆ బిలసర్గం గురించి అంతకు 40 ఏళ్ల ముందే, 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. అయినా బెలుం బిలం దాదాపు నూరేళ్లు ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది. 1982, 1984 మధ్య జర్మనీకి చెందిన డేనియల్ గెబవర్ బృందం వచ్చి గుహలను కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. మేఘాలయ గుహలను పక్కన పెడితే మన మైదాన ప్రాంతాల్లో ఇదే పెద్ద గుహ. పాతాళగంగ దగ్గర లోతు ప్రవేశ మట్టం నుంచి 46 మీటర్లు ఉంటుంది.

దొరలు వచ్చారంటే ఊరంతా చూడటానికి పోయింది. అప్పటికి పెళ్లిళ్లయి పిల్లలున్న ఈ ముగ్గురూ పోయారు. మిగతా జనం దొరల రంగును, టోపీలను చూస్తే, మోకాయన చూపు తాళ్ల మీదే నిలిచింది. బొటనవేలంత లావు కూడా లేని తాడు మీద మనిషి వేలాడుతుంటే ముక్కున వేలేసుకున్నాడు.

గుహల్లో దిగేవారు వాడే ఆ తాడు నైలానుది. లోపల పొడవాటి పోగులు బరువు మోస్తాయి, పైన అల్లిన తొడుగు రాపిడి నుంచి కాపాడుతుంది. నారలాగా కుళ్లదు, నానితే చివకదు. కానీ రాపిడి వేడికి కరుగుతుంది, పదునైన రాతి అంచుకు తెగుతుంది. దిగేవాడు నడుముకూ తొడలకూ పట్టీలు కట్టుకుని, తాడును ఒక లోహపు సాధనంలో మెలికలు తిప్పుతాడు. ఆ మెలికల రాపిడే బరువును ఆపుతుంది. కొస బిగబడితే ఆగుతాడు, వదులు చేస్తే మెల్లగా జారుతాడు. పైకి రావడానికి తాడును ఒకవైపే జారనిచ్చి రెండోవైపు కరిచిపట్టే పళ్ల సాధనాలు రెండు ఉంటాయి. ఒకటి రొమ్ము దగ్గర, ఒకటి చేతికీ కాలి ఉచ్చుకూ. కూర్చుని లేచినట్టు లేస్తూ అంగుళం అంగుళం ఎక్కుతారు. నెత్తి మీద టోపీకి దీపం ఉంటుంది కాబట్టి రెండు చేతులూ ఖాళీ. ఆ కాలంలో గుహల్లో తిరిగేవారు కార్బైడ్ దీపాలు ఎక్కువగా వాడేవారు. కార్బైడ్ గడ్డల మీద నీటి చుక్కలు పడితే పుట్టే వాయువు మండి తెల్లని వెలుగిస్తుంది.

"అంతా కొత్తదే. కానీ ఒకటి మాత్రం మాదే. వాళ్లూ తాడును రెండు చోట్ల కట్టిరి. అంచు దగ్గర మెత్త పెట్టిరి" అని మోకాయన ఇప్పటికీ గర్వంగా చెబుతాడు. చదువు లేకపోయినా తాము నేర్చుకున్నది తప్పు కాదని ఆ రోజు తెలిసింది. మరునాటి నుంచి ఊళ్లో ఆయన మాటకు విలువ పెరిగింది. బావుల్లో పూడిక తీయాలన్నా, ఇంజను దించాలన్నా, బొక్కెన పడిపోయినా మోకాయనకే కబురు. ఆ పేరే తరువాత ఆయన మెడకు చుట్టుకుంది.

తాడివ్వని మనిషి

జర్మనీవారు వచ్చిపోయిన రెండు మూడేళ్లకు వర్షాలు ముఖం చాటేశాయి. బావుల్లో నీళ్లు అడుక్కి పోయాయి. పైనున్న ఆయిల్ ఇంజన్లకు నీళ్లు అందక, రైతులు వాటిని మోకులతో బావి లోపలి గట్టు మీదికి దించి నడిపేవారు. లాంతరాయన అన్న కూడా అదే పని చేశాడు. ఒకనాటి మధ్యాహ్నం నడుస్తున్న ఇంజను ఉన్నట్టుండి ఆగింది. చూసి వస్తానని ఆయన దిగాడు. ఎంతసేపటికీ పలుకు లేదు. తొంగిచూస్తే ఇంజను పక్కన బోర్లా పడి ఉన్నాడు. పాము కరిచిందేమోనని పక్క పొలంలో పనిచేస్తున్న ఒక పడుచువాడు గబగబా దిగాడు. మెట్టు మీది నుంచి చెయ్యి చాపినవాడు చాపినట్టే కూలిపోయాడు. అరుపు లేదు, మూలుగు లేదు.

ఊరు పరుగెత్తింది. మోకాయన మోకు భుజాన వేసుకుని వచ్చాడు. లాంతరాయన వచ్చీ రావడంతో లాంతరు వెలిగించి తాడుతో దించాడు. అది బిలం నేర్పిన పరీక్ష. గాలి చెడితే దీపం ఆరిపోతుంది. లాంతరు అడుగుదాకా పోయింది. ఆరలేదు. నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

"గాలి బాగుంది, మోకియ్యి, నేను దిగుతా" అన్నాడు లాంతరాయన.

మోకాయన ఇవ్వలేదు.

"దీపం వెలుగుతోంది కదరా, మా అన్న లోపలుండాడు" అని కాళ్లు పట్టుకున్నాడు. ఇవ్వలేదు. లాగబోతే మోకును చుట్టచుట్టి దాని మీద కూర్చున్నాడు. ఆడవాళ్లు దుమ్మెత్తి పోశారు. ఒకరు చెప్పు విసిరారు. అన్నదమ్ముల తల్లి, "నీ కొడుకైతే ఇట్లనే కూచుంటావా" అని అడిగింది. దానికి ఆయన దగ్గర జవాబు లేకపోయింది. తలవంచుకుని, "దిగినోళ్లిద్దరూ అరవకుండా పడిరి. దీపం కన్నా వాళ్లే నాకు సాక్ష్యం" అని మాత్రం అన్నాడు.

వేపకొమ్మలు నరికించి తాళ్లకు కట్టి బావిలో పైకీ కిందికీ ఆడించారు. కుండలతో నీళ్లు పై నుంచి చిమ్మించారు. గాలి కలిసిందనుకున్నాక, మోకాయనే ముందుకు వచ్చి బావ నడుముకూ చంకలకూ మోకు కట్టాడు. పదిమందిని తాడు మీద నిలబెట్టాడు. "కాలు తడబడినా, మాట ఆగినా లాగేస్తా" అని చెప్పి, అంకెలు లెక్కపెడుతూ దిగమన్నాడు. దిగుడాయన గట్టిగా లెక్కపెడుతూ దిగి ఇద్దరినీ ఒకరి తరువాత ఒకరిని కట్టి పంపాడు. రెండో మనిషి పైకి వచ్చేసరికి ఆయనకే కళ్లు తిరిగాయి, లెక్క తప్పింది. పైనవాళ్లు లాగేశారు. పొలం గట్టు మీద వాంతి చేసుకుని కోలుకున్నాడు. ఆ లాగుడులో మోకు ఒరుసుకున్న మచ్చ మోకాయన కుడి అరచేతిలో నేటికీ కనిపిస్తుంది.

ఇద్దరూ అప్పటికే పోయారు.

దీపం ఎందుకు ఆరలేదు?

ఆ రోజు ఎవరికీ అర్థం కాని సంగతి ఇది. బావుల్లో, బిలాల్లో చెడుగాలి ఒక రకం కాదు. మొదటిది కార్బన్ డయాక్సైడ్. ఆకులు, చెత్త కుళ్లినచోట పుడుతుంది. గాలి కన్నా బరువు కనుక గుంతల అడుగున నిలుస్తుంది. అది బాగా నిండితే ప్రాణవాయువు తగ్గి దీపం ఆరిపోతుంది. బెలుం బిలాన్ని తొలిచిన పనిలోనూ ఈ వాయువుకే భాగముంది. వాననీరు గాలిలోని, మట్టిలోని ఆ వాయువును కలుపుకుని పులుపెక్కి, సున్నపురాయిని లక్షల ఏళ్లుగా కరిగించింది.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. ఇంజను పొగలో ఉంటుంది. వాసన లేదు, రంగు లేదు. కొంచెమున్నా చాలు, నెత్తురులో ప్రాణవాయువు చేరాల్సిన చోట తాను చేరిపోతుంది. దీపం మండటానికి కావలసిన ప్రాణవాయువు బావిలో ఉన్నా, మనిషి మాత్రం పడిపోతాడు. ఆనాడు లాంతరు అబద్ధం చెప్పింది అందుకే. మూడోది మరుగుదొడ్ల గుంతల్లో, మురుగుకాల్వల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు ఎక్కువైతే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది, గాలి బాగైందనుకుని దిగినవాడు తిరిగి రాడు. అక్కడ మండే వాయువులూ ఉంటాయి గనుక దీపం దించితే పేలే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి పాతకాలపు దీపం పరీక్షను నేడు ఎవరూ నమ్ముకోరాదు. గాలిని కొలిచే పరికరాలు వచ్చాయి. అగ్నిమాపక దళం వారి వద్ద ఊపిరి తీసుకునే సాధనాలు ఉంటాయి. 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయడమే మేలు.

ఇలాంటి ప్రమాదాల్లో మొదటి మనిషి ఒక్కడే పోవడం అరుదు. అన్న కోసం తమ్ముడు, తండ్రి కోసం కొడుకు, యజమాని కోసం కూలి, ఒకరి వెనక ఒకరు దిగి పోతుంటారు. ప్రేమే వాళ్లను లోపలికి తోస్తుంది. ఆ తోపుడుకు అడ్డం కూర్చునేవాడు పైన ఒకడు కావాలి.

అరుగు మీదికి తిరిగి వచ్చిన మనిషి

లాంతరాయన ఆ తరువాత పదేళ్లకు పైగా మోకాయనతో మాట్లాడలేదు. ఎదురుపడితే దారి మార్చేవాడు. పెళ్లిళ్లలో ఒకే పంక్తిలో కూర్చోలేదు. "ఆ గంటసేపు ముందు దిగి ఉంటే మా అన్న బతికేవాడేమో" అన్న మాట ఆయనను తినేసింది. మోకాయనను మాత్రం తినలేదా అంటే, ఆయనా మళ్లీ బిలం ముఖం చూడలేదు. మోకు అటక మీదికి ఎక్కింది. ముగ్గురి బిలం తిరుగుడు అక్కడితో ఆగింది.

ఒక ఎండాకాలం సెలవుల్లో లాంతరాయన కొడుకు స్నేహితులతో కలిసి పాడుబడిన బావి దగ్గరికి పోయాడు. బావి గోడ సందుల్లోని పావురం పిల్లల కోసం చాంతాడు కట్టుకుని దిగబోతున్నాడు. పైన తాడు పట్టుకున్నవారు పదేళ్ల పిల్లలు. దారిన పోతున్న లాంతరాయన చూశాడు. పరుగున వచ్చి తాడు గుంజుకున్నాడు. పిల్లవాడు ఏడ్చాడు, తిట్టాడు, "దీపం దించి చూసినాం, ఆరలేదు" అన్నాడు. లాంతరాయన ఆ తాడును చుట్టచుట్టి దాని మీద కూర్చున్నాడు. తాను ఎలా కూర్చున్నదీ తనకే అప్పుడు తెలిసిందట.

ఆ సాయంత్రం ఆయన మోకాయన ఇంటికి పోయాడు. లోపలికి రమ్మన్నా పోకుండా అరుగు మీద కూర్చున్నాడు. బీడీ అడిగాడు. ఇద్దరూ బీడీలు తాగారు. క్షమాపణలేవీ జరగలేదు. "మర్నాడు మళ్లీ వచ్చినాడు. అంతే" అంటాడు మోకాయన. అప్పటి నుంచి ముగ్గురూ వేపచెట్టు కింద ఒకే అరుగు.

నేటి బిలం, రేపటి పిల్లలు

1999లో పర్యాటక సంస్థ బెలుం గుహలను చేపట్టింది. మట్టి తీయించి, బాటలు వేయించి, దీపాలు అమర్చింది. లోపల ఉక్క, ఊపిరి ఇబ్బంది తగ్గేందుకు పై నుంచి గాలి పంపే ఏర్పాటు చేసింది. 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచింది. మొత్తం గుహలో సుమారు 1.5 కిలోమీటర్ల మేర మాత్రమే చూడనిస్తారు. మిగతాది చీకటిలోనే ఉంది. 2022లో జిల్లాల విభజనతో బెలుం కర్నూలు నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది.

దీపాలున్న చోటు గురించి పెద్దలకు బెంగ లేదు. వారి బెంగంతా దీపాలు లేని చోట్ల గురించే. సున్నపురాతి నేల కనుక ఈ ప్రాంతంలో పేరులేని సందులు, గుంతలు ఇంకా ఉన్నాయి. బోర్లు వచ్చాక వాడకం పోయిన బావులు ముళ్లకంపల నడుమ నోరు తెరుచుకుని ఉన్నాయి. సెల్‌ఫోన్ లైటు చేతిలో ఉంటే చాలనుకుని కుర్రవాళ్లు వాటిలోకి దిగబోతుంటారు. ఫోను బ్యాటరీ అయిపోతే తడిసిన అగ్గిపెట్టెకూ దానికీ తేడా లేదని లాంతరాయన హెచ్చరిక.

దిగవద్దని మాత్రం ఈ ముగ్గురూ చెప్పరు. తాము దిగిన ఆనందాన్ని పిల్లలకు కాదనడం న్యాయం కాదంటారు. సరదా ఉన్నవారు శిక్షణ ఇచ్చేవారి దగ్గర నేర్చుకుని, సరైన తాళ్లతో, టోపీలతో, అనుమతితో దిగాలంటారు. పాడుబావిలో, ఇంజను నడిచిన గుంతలో, మరుగుదొడ్డి తొట్టిలో మాత్రం ఎంత తెలిసినవాడైనా వట్టి తాడుతో దిగరాదంటారు. లోపల మనిషి పడి ఉంటే పైవాళ్లు ముందు ఫోన్ చేయాలి, రెండోవాణ్ని దిగనీయరాదు.

ఈమధ్య దిగుడాయన మనవడు, ఇంటర్ చదివే కుర్రవాడు, స్నేహితులతో వచ్చి అటక మీది మోకు చూపించమని అడిగాడు. మోకాయన దించి, అలవాటు కొద్దీ మెలి విప్పి చూశాడు. లోపల పొడి రాలింది. "ఇది చచ్చింది, దీన్ని నమ్మకండి" అని పక్కన పెట్టేశాడు. పొలం దగ్గర కొత్త సందు ఒకటి కనిపించిందనీ, వెచ్చని గాలి వస్తోందనీ కుర్రవాళ్లు ఉత్సాహంగా చెప్పారు. ఎంత లోతు, ఎంత వెడల్పు అని దిగుడాయన కళ్లు మెరిశాయి. లాంతరాయన ఎన్ని దీపాలున్నాయని అడిగాడు.

మోకాయన మాత్రం అరచేతి మచ్చ రుద్దుకుంటూ ఒకే మాట అడిగాడు.

"అదంతా సరే నాయనా, పైన ఎవరుంటారో అది చెప్పండి ముందు."